ఫాన్‌ఫాన్ తులిప్, మన తిలంగా సిపాయి

1952లో ఫ్రాన్సులో వెలువడిన ‘ఫాన్‌ఫాన్ లా తులిప్’ అనే చలనచిత్రాన్ని మన ప్రాంత చరిత్రకు సంబంధించిన వ్యాసంలో ప్రస్తావించడం కొందరికి వింతగా తోచవచ్చు. అది కత్తియుద్ధాలూ, గుర్రపు స్వారీలూ, ప్రణయమూ కలగలిసిన వినోద చిత్రం. దర్శకుడు క్రిస్టియన్ జాక్. నాయకుడు జెరార్ ఫిలిప్, నాయిక జీనా లొలొబ్రిజిదా. కాన్ చలనచిత్రోత్సవంలో ఆ యేడు వుత్తమ దర్శకత్వ బహుమతి దీనికే వచ్చింది. ఆ బహుమతి వల్ల నేను దీన్ని పట్టించుకోలేదు. యిది మన దేశంలో కూడా జరిగిన ఒక యుద్ధాన్ని గురించిన సినిమా కావడం వల్ల పట్టించుకున్నాను. ఆ సంగతి చిత్రం తీసినవారికి జ్ఞాపకం వున్నట్టు లేదు. చూసే మనకూ సాధారణంగా జ్ఞాపకం రాదు.

కథ చిన్నది. పదిహేనో లూయీ రాజ్యం. ఫాన్‌ఫాన్ ఒక పల్లెటూరి పోకిరీ. ఒక పిల్లతో గడ్డివామి దగ్గర పట్టుబడతాడు. వూరివాళ్లు బలవంతంగా పెళ్లి చేయబోతారు. ఆ సమయంలో అదలీన్ అనే యువతి సోదె చెప్పే దానిలా వచ్చి అతని చెయ్యి చూసి, సైన్యంలో చేరితే గొప్పవాడవుతావనీ, రాజుగారి కూతుర్ని పెళ్లాడతావనీ చెబుతుంది. అతను నమ్మి, పెళ్లి తప్పించుకుని, పటాలంలో చేరిపోతాడు. తీరా చూస్తే ఆమె సైన్యానికి మనుషుల్ని పోగుచేసే సార్జెంటు కూతురు. జోస్యం ఆ వ్యాపారంలో ఒక యెర! మోసమని తెలిసినా ఫాన్‌ఫాన్ జోస్యాన్ని వదలడు. దారిలో పాంపదూర్ దొరసానినీ, రాజకుమార్తెనూ దొంగల నుంచి కాపాడి, తులిప్ పువ్వు ఆకారంలో వున్న నగ బహుమానంగా పొందుతాడు. రాజసౌధంలోకి దొంగతనంగా జొరబడి వురిశిక్షకు గురై బతికి బయటపడతాడు. చివరికి యిద్దరు తోటి సైనికులతో ఒక సొరంగంలో దూరి, శత్రువుల సేనాధిపతులను వాళ్ల శిబిరంలోనే పట్టుకుంటాడు. యుద్ధం ముగుస్తుంది. రాజు అదలీన్‌ను దత్తపుత్రికగా స్వీకరించి అతనికిచ్చి పెళ్లి చేస్తాడు. జోస్యం ఆ విధంగా నిజమవుతుంది.

యిందులో గమనించవలసింది యుద్ధాన్ని చూపిన తీరు. ఆరంభం నుంచీ ఒక వ్యాఖ్యాత కంఠం వినబడుతుంది. ఆ కంఠం గంభీరంగా మాట్లాడుతూనే రాజునూ, సేనాధిపతులనూ, వారి యుద్ధకళనూ యెగతాళి చేస్తుంది. దొరలకు యుద్ధమంటే విందులాంటి వ్యవహారం. చావడం మాత్రం పల్లెల నుంచి వచ్చినవాళ్ల పని. 1952 నాటి ఫ్రెంచి ప్రేక్షకుడికి యిది పాతకాలపు ముచ్చటగా మాత్రమే వినిపించి వుండదు. అప్పటికి వియత్నాంలో ఫ్రెంచి సైన్యం యుద్ధం చేస్తూనే వున్నది. రెండేళ్లకు దియన్ బియన్ ఫూలో ఓడిపోయింది. అదే 1954 నవంబరులో అల్జీరియా పోరాటం మొదలైంది. నాయక పాత్రధారి జెరార్ ఫిలిప్ అణ్వాయుధాలను నిషేధించాలన్న స్టాక్‌హోం విజ్ఞప్తిపై సంతకం చేసినవాడు, నటుల సంఘానికి అధ్యక్షత వహించినవాడు. 1959లో ముప్పై ఆరేళ్ల వయసులోనే కన్నుమూశాడు. సోవియట్ దేశంలో యీ చిత్రాన్ని 1955లో ప్రదర్శించినప్పుడు జనం విరగబడి చూశారు. 2003లో ఫ్రాన్సులోనే దీన్ని మళ్లీ తీశారు. కత్తులు యెక్కువయ్యాయి, యెగతాళి తగ్గింది.

మరొక విషయం. ‘తులిప్’ అన్న పేరు సినిమావాళ్లు వూహించినది కాదు. 19వ శతాబ్దపు ఒక ఫ్రెంచి పాటలో ఆ సిపాయి అప్పటికే వున్నాడు. అంతకు ముందే పటాలంలో చేరిన ప్రతి పల్లెటూరివాడికీ అక్కడ ఒక మారుపేరు పెట్టడం ఫ్రెంచి సైన్యంలో ఆచారం. పువ్వు, తులిప్, నిశ్చింత — యిలాంటి పేర్లు. 1716 నుంచి ఆ సైన్యం ప్రతి సిపాయి అసలు పేరూ, మారుపేరూ, వూరూ, యెత్తూ పుస్తకంలో రాసిపెట్టింది. పారిపోతే పట్టుకోవడానికే రాసిందనుకోండి! అయినా ఆ పుస్తకాల పుణ్యమా అని నేటి చరిత్రకారుడు ఆనాటి మామూలు సిపాయి ముఖాన్ని కొంతవరకు చూడగలుగుతున్నాడు.

మదనపల్లెలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను యీ చిత్రాన్ని కొందరు విద్యార్థులకు చూపించాను. వారిలో పుంగనూరు, కుప్పం వైపు పల్లెల నుంచి వచ్చినవారు వున్నారు. సినిమా అయ్యాక ఒక కుర్రవాడు అడిగాడు: “సార్, యిది సప్తవర్ష సంగ్రామం అంటిరి గదా. ఆ యుద్ధంలో మనోళ్లు యాడుండారు సార్?” పాఠ్యపుస్తకంలో దీనికి సమాధానం లేదు. అక్కడ క్లైవు వున్నాడు, లాలీ వున్నాడు, బుస్సీ వున్నాడు. ‘మనోళ్లు’ లేరు.

కాని వాళ్లు వున్నారు. ఫాన్‌ఫాన్ పోరాడిన యుద్ధం 1756 నుంచి 1763 దాకా జరిగింది. ఆ యేళ్లలోనే తెలుగుగడ్డ మీద జరిగినదేమిటో చూడండి. 1757 జనవరి 24న బుస్సీ సేన, విజయరామరాజు బలగాలతో కలిసి బొబ్బిలి కోటపై పడింది. అది యూరపు యుద్ధంలో నేరుగా భాగం కాదు. అయినా ఫిరంగులు ఫ్రెంచివారివే. 1758 డిసెంబరులో పిఠాపురం దాపున చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని ఫోర్డు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్‌ను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. 1760 జనవరి 22న వందవాసిలో లాలీ ఓడాడు. 1761 జనవరి 16న పుదుచ్చేరి లొంగిపోయింది. సినిమాలో మూడేమూడు నవ్వులతో ముగిసిన యుద్ధం మన తీరంలో యిలా నడిచింది. లాలీని అతని రాజే 1766లో పారిసులో తల నరికించాడు. హాస్యచిత్రంలో దానికి చోటు లేదు.

చందుర్తి యుద్ధంలో ఒక సంఘటన వున్నది. అది ఫాన్‌ఫాన్ కథలో పెట్టినా అతుకుతుంది. ఫోర్డు తనతో బెంగాలు నుంచి తెచ్చిన సిపాయిలకు యెర్రకోట్లు వున్నాయి. ఫ్రెంచివారు యీ తీరంలో అంతవరకు చూసిన సిపాయిలు తెల్లబట్టలవాళ్లు. యెర్రకోటంటే తెల్లవాడేనని వాళ్ల లెక్క. అందువల్ల ఇంగ్లీషు పటాలం యిదేనని భ్రమపడి, తమ తెల్లసైనికుల నందరినీ ఆ సిపాయిల మీదికి నడిపించారు. ఆ సిపాయిలు చెదిరిపోయారు. ఫ్రెంచివారు వారిని తరుముతూ పోయేసరికి అసలు ఇంగ్లీషు పటాలం పక్కనుంచి వచ్చి పడింది. యుద్ధం గెలిచింది ఫోర్డు అని పుస్తకాలలో వున్నది. కోటు రంగు వల్ల మొదటి దెబ్బ తిన్నవాళ్లెవరో వారి పేర్లు యెక్కడా లేవు. ఒకవైపు తులిప్ అన్న ముద్దుపేరు కూడా పుస్తకానికెక్కింది, మరొకవైపు తల్లి పెట్టిన పేరు కూడా యెక్కలేదు.

పేర్లు లేకపోయినా ఒక పేరు మాత్రం మిగిలింది. అది వ్యక్తి పేరు కాదు, మన దేశం పేరు. దక్షిణాదిలో తెల్లవారి కవాతు నేర్చిన సిపాయిలను వుత్తరాదివారు ‘తిలంగా’ అన్నారు. తెలింగదేశం నుంచి వచ్చినవాడని అర్థం. క్లైవు మద్రాసు నుంచి సిపాయిలను బెంగాలుకు తీసుకుపోయిన తర్వాత ఆ మాట అక్కడ పాతుకుపోయింది. 1757 జూన్ 23న ప్లాసీలో క్లైవు వెంట వున్నవారిలో అధికసంఖ్యాకులు సిపాయిలే. ఆ తర్వాత ఆ మాట యెంతగా వ్యాపించిందంటే, తెలుగుదేశం ముఖం చూడని అవధ్ రైతు కొడుకు కూడా సిపాయిగా చేరితే తిలంగాయే అయ్యాడు. 1857లో ఢిల్లీని పట్టుకున్న తిరుగుబాటు సిపాయిలను ఆ నగరవాసులు తమ వుర్దూ అర్జీలలో తిలంగాలనే పిలిచారు. అప్పటికి ఆ గుంపులో తెలుగువాడు వుండి వుండడు. కాని తెల్లదొరకు తుపాకి మోసినవాడికీ, అదే తుపాకి దొరమీదికి తిప్పినవాడికీ కూడా మన దేశం పేరే పడింది!

యీ కథకు ఫ్రెంచి పాయ కూడా వున్నది. బుస్సీ దగ్గర తర్ఫీదైన పటాలాల నుంచి వచ్చిన ఇబ్రహీం ఖాన్ గార్దీ తరువాత మరాఠాల కొలువులో చేరాడు. గార్దీ అన్న మాటే ఫ్రెంచి భాష నుంచి పుట్టింది. 1761 జనవరి 14న పానిపట్టులో అతని పటాలాలు నిలబడి పోరాడి నేలకూలాయి. ఆ యుద్ధాన్ని చూసినవారి పారశీక వృత్తాంతంలో ఆ సిపాయిలు కూడా తిలంగాలే. పానిపట్టుకూ పుదుచ్చేరి పతనానికీ నడుమ రెండు రోజులే తేడా. ఫ్రెంచి కవాతు నేర్చిన సిపాయి ఆ వారంలో దేశానికి యీ కొసనా ఆ కొసనా కూడా ఓడిపోయాడు. మన విద్యార్థికి పానిపట్టు మరాఠాల యుద్ధమనీ, పుదుచ్చేరి తెల్లవారి యుద్ధమనీ విడివిడిగా నేర్పుతాం.

యిక మా ప్రాంతం సంగతి. 18వ శతాబ్దంలో పుంగనూరు ఒక పాలెం. కుప్పం ప్రాంతం కంగుంది పాలెంలోది. కంగుంది కొండకోట శిథిలాలు కుప్పానికి దగ్గరలోనే వున్నాయి. యీ పాలెగాళ్ల బలమంతా కట్టుబడి బంట్రోతులు. కట్టుబడి అంటే నౌకరీకి బదులుగా కొద్దిపాటి యీనాం భూమి అనుభవించే రైతు-సిపాయి. మామూలు రోజుల్లో మడక దున్నుతాడు, కావలి కాస్తాడు. పాలెగాడు కొమ్ము వూదిస్తే యీటె పట్టుకుని పోతాడు. నవాబు, హైదరు, మరాఠాలు, కుంపిణీ — పైన యెవరు మారినా యితని పని మారలేదు. హైదరు తన ఆఖరి దండయాత్రలో 1782 డిసెంబరు 7న ప్రాణం విడిచింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండులోనే. ఆ దండుల మేతకు యీ పొలాలే ఆధారం.

1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి అప్పగించాడు. అప్పట్లో కడప మండలంలో వున్న మదనపల్లె వాటితోపాటు మన్రో చేతికి వచ్చింది. మరుసటి యేడు కర్ణాటక నవాబు రాజ్యం పోగా చిత్తూరు పాలేలు కూడా కుంపిణీ కిందికి వచ్చాయి. మన్రో తన మండలాలలోని యెనభై మంది పాలెగాళ్లను అణగదొక్కాడు. చిత్తూరు పాలెగాళ్లు 1804లో తిరగబడితే కుంపిణీ సైన్యం వచ్చి మరుసటి యేటికి చల్లార్చింది. పుంగనూరు, కంగుంది జమీందారీలుగా నిలిచి, 1948 నాటి యెస్టేట్ల రద్దు చట్టం దాకా సాగాయి. రాజీపడిన పాలెగాడికి జమీ మిగిలింది. తిరగబడినవాడికి వురికొయ్యో, దేశబహిష్కారమో దక్కి, దానితోపాటు ఒక పాట కూడా దక్కింది. కట్టుబడికి యీ మూడూ లేవు. ఆయుధం పోయింది, యీనాం పోయింది. కొందరు పన్ను కట్టే రైతులయ్యారు, కొందరు కూలికి పోయారు, కొందరు కుంపిణీ పటాలంలోనే చేరారు. పుంగనూరు అనగానే యీనాడు దేశమంతా పొట్టి ఆవును తలుచుకుంటుంది. ఆ ఆవుకు యిచ్చిన శ్రద్ధలో పదోవంతు కట్టుబడికి దక్కినా సంతోషించేవాణ్ణి.

యీ సిపాయికి మన కళలో దక్కిన స్థానమేమిటన్నది అసలు ప్రశ్న. ఫ్రాన్సులో ఫాన్‌ఫాన్ వచ్చిన కాలంలోనే మనకు తోటరాముడు వచ్చాడు. ‘పాతాళభైరవి’ 1951 మార్చిలో విడుదలైంది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. 1952 జనవరిలో బొంబాయిలో ఆరంభమైన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా అది ప్రదర్శితమైంది. తోటరాముడూ ఫాన్‌ఫాన్ అన్నదమ్ములే. యిద్దరూ పేదవాళ్లు, యిద్దరూ తెగువగాళ్లు, యిద్దరికీ రాజకుమార్తె మీదే కన్ను. యిద్దరూ కోటగోడ దాటినవాళ్లే. అయితే తేడా యెక్కడంటే, ఫాన్‌ఫాన్ దాటిన గోడ పదిహేనో లూయీది. తోటరాముడు దాటిన గోడ ఉజ్జయినిది. ఆ ఉజ్జయిని యే శతాబ్దంలోదో యెవరూ చెప్పలేరు. రాముడి దారిద్ర్యం నిజం, అతని గెలుపు మాత్రం భైరవి ప్రతిమ చలవ.

తేదీ వున్న చరిత్ర మన తెర మీదికి రాలేదా అంటే వచ్చింది. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చింది. 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ వచ్చింది. సరిగ్గా ఫాన్‌ఫాన్ కాలం, సరిగ్గా అతని రాజు ఫిరంగులు. కాని అక్కడ కథ రంగరాయనిది, మల్లమ్మది, పాపారాయనిది. కోటలో చచ్చిన బంటూ, కోటమీదికి నిచ్చెన యెక్కిన తెలుగు సిపాయీ గుంపులో దుమ్ములాగా కనబడి పోతారు. అంటే మన సినిమా పని పంచుకున్నది: తేదీ వున్న చరిత్రను దొరలకు యిచ్చింది, పేదవాడికి తేదీ లేని రాజ్యం యిచ్చింది. ఫ్రెంచివాళ్లు చేసిన సాహసం యీ రెంటినీ ఒకే తెర మీద కలపడం. తేదీ వున్న యుద్ధం మధ్యలో పోకిరీ సిపాయిని నిలబెట్టి, అతని కళ్లతో సేనాధిపతులను చూపి నవ్వించడం.

జానపద చిత్రాన్ని నేను తక్కువ చేస్తున్నానని మిత్రులు కొందరు ఆక్షేపించారు. తోటరాముణ్ణి చూసి యీలలు వేసిన రైతుకూలీ తన కోరికకే యీల వేశాడనీ, దాన్ని చరిత్ర జ్ఞానం లేదని తోసిపుచ్చకూడదనీ వారి వాదన. కాదనను. జమీందారీలు రద్దవుతున్న రోజుల్లోనే తోటమాలి కొడుకు రాజును యెదిరించి గెలవడం కాకతాళీయమని నేననుకోను. కాని కోరికను పదేపదే ఉజ్జయినికి పంపిస్తూ వుంటే, ఆ కోరికకు పుంగనూరులో ఒక పూర్వీకుడు వున్నాడన్న సంగతి మరుగున పడిపోతుంది. బొబ్బిలి బుర్రకథను నాజర్ చెబుతుంటే జనం కన్నీరు పెట్టుకున్నారు. ఆ కన్నీరు కూడా కోటలోని వారి కోసమే కారింది. ప్రజాకళాకారుడి చేతిలో సైతం కథా వస్తువు దొరలదే అయినప్పుడు, నింద ఒక్క సినిమా వ్యాపారి మీద వేసి లాభం లేదు.

అలాగని ఫ్రెంచి చిత్రాన్ని తలకెత్తుకోనక్కరలేదు. యుద్ధాన్ని వెక్కిరించిన ఆ చిత్రం రాజును చివర్లో క్షమించేసింది. అదలీన్‌ను చెరబట్టజూసిన లూయీయే ఆమెకు తండ్రి అయి కన్యాదానం చేస్తాడు! ఆమె అభిప్రాయం అడిగినవాడు లేడు. పైగా ఆ యుద్ధంలో ఫ్రాన్సు కెనడాను పోగొట్టుకున్నది, భారతదేశంలో పలుకుబడి పోగొట్టుకున్నది. తెర మీద ఆ సముద్రాల జాడే లేదు. వియత్నాంలో యుద్ధం జరుగుతున్నప్పుడు తీసిన శాంతిచిత్రం వలసల మాట యెత్తకపోవడం చిన్న లోపం కాదు. యెగతాళికి కూడా సరిహద్దులు వుంటాయి కాబోలు.

నిజమైన ఫాన్‌ఫాన్ ఒకడు మన పొరుగున తమిళదేశంలో వుండేవాడు. యూసుఫ్ ఖాన్ అని పేరు. మరుదనాయగం అని కూడా అంటారు. సామాన్య కుటుంబంలో పుట్టి, సిపాయిగా చేరి, కుంపిణీ సిపాయిలందరికీ కమాండంటు అయ్యాడు. వందవాసి కాలపు యుద్ధాలలో ఇంగ్లీషువారి గెలుపులో అతని పాలు పెద్దది. మదురకు అధికారిగా పంపిస్తే అక్కడ తిరగబడి ఫ్రెంచి జెండా యెత్తాడు. 1764 అక్టోబరు 15న మదురలో అతన్ని వురితీశారు. వురితాడు రెండుసార్లు తెగిందనీ, మూడోసారికి గాని ప్రాణం పోలేదనీ జనం చెప్పుకుంటారు. ఫాన్‌ఫాన్‌లాగా బతికి బయటపడే అవకాశం అతనికి దొరకలేదు. కమలహాసన్ 1997లో ఇంగ్లండు రాణి సమక్షంలో అతని కథను సినిమాగా ఆరంభించాడు. అది పూర్తికాలేదు. ఆ సినిమా ముహూర్తానికి ఆ రాణినే పిలవడంలోని విడ్డూరాన్ని ఆ ఫ్రెంచి వ్యాఖ్యాత కంఠానికి వదిలేస్తాను.

కట్టుబడిని వెతకాలంటే యెక్కడ వెతకాలి? మెకంజీ దొర కోసం కావలి సోదరులు సేకరించిన కైఫీయతులు వున్నాయి. వాటిలో వంశావళులు పాలెగాళ్లవే అయినా, యీనాములు, కావలి, గ్రామాల కొట్లాటలు చెప్పేచోట బంట్లు అక్కడక్కడా తొంగిచూస్తారు. వీటిని సాహిత్య విద్యార్థులు చదవడం లేదు, చరిత్ర విద్యార్థులకు ఆ తెలుగు కొరుకుడు పడదు. యీ పని మన విద్యార్థులు, వుపాధ్యాయులు కలిసి చేయవలసింది.

అంతకన్నా పాత సాక్ష్యం పొలాల్లోనే వున్నది. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో బాణులు, వైదుంబులు యేలిన 9, 10 శతాబ్దాల నాటి వీరగళ్లు విరివిగా వున్నాయి. పశువుల మందను కాపాడుతూ చచ్చినవాడికీ, వూరిమీద పడ్డ దండును ఆపుతూ చచ్చినవాడికీ ఆనాడు ఒక రాయి నాటారు. రాజు పేరుతోపాటు చచ్చినవాడి పేరు కూడా పాత తెలుగులోనో కన్నడంలోనో చెక్కారు. చందుర్తిలో చచ్చిన సిపాయికి దక్కని మర్యాద అంతకు యెనిమిది వందల యేళ్ల ముందు ఒక పల్లె బంటుకు దక్కింది. మొన్న వేసవి సెలవులకు పోయిన విద్యార్థులు తమ పొలాల్లోని అలాంటి రాళ్లకు నకళ్లు తీసుకొచ్చారు. ఒకదానిలో బంటు కుడిచేత కత్తి యెత్తి, యెడమచేత డాలు పట్టి నిలబడి వున్నాడు. కాళ్ల దగ్గర ఆవులు వున్నాయి. పైన మూడు వరుసల అక్షరాలు. మొదటి రెండు వరుసలు అరిగిపోయాయి. మూడోదానిలో కొన్ని అక్షరాలు కూడబలుక్కుంటున్నాం.